రామేశ్వరంలో ఒక్క రోజు: విశాఖ నుంచి ఇంటిల్లిపాదీ వెళ్తుంటే

రామేశ్వరం వెళ్లొచ్చిన వాళ్లని కదిలిస్తే సగం మంది చెప్పేది ఒకటే. "బావుల స్నానాలయ్యాయి గానీ స్ఫటికలింగం తప్పిపోయింది" అంటారు. లేదంటే "గుడిలోనే సాయంత్రం అయిపోయింది, ధనుష్కోటి చూడలేదు" అంటారు. బావులంటే గుడిలోపలి 22 తీర్థాలు, స్ఫటికలింగం తెల్లవారి గంటసేపే చూపించే శివలింగం, ధనుష్కోటి ద్వీపం కొసన తుపానుకి పోయిన ఊరు. రామేశ్వరం ఉన్న ద్వీపం మరీ పెద్దదేం కాదు. రామనాథస్వామి గుడి దగ్గర్నుంచి ధనుష్కోటి కొసకి పోయినా 20 కిలోమీటర్ల చిల్లరే. దూరాల వల్ల ఎవరికీ ఏదీ తప్పిపోదు, వేళల వల్లా తడి బట్టల వల్లా తప్పిపోతాయి. గుడి తెల్లవారి 5కి తెరుస్తారు, మధ్యాహ్నం 1కి మూస్తారు, మళ్లీ 3కి తెరుస్తారు. స్ఫటికలింగ దర్శనం ఉదయం 5 నుంచి 6 లోపే. ధనుష్కోటి దారిలో సాయంత్రమైతే పోలీసులు బళ్లని లోపలికి వదలరు. పైగా తడి బట్టలతో గర్భగుడి దగ్గరికి రానివ్వరు. ఇవన్నీ లెక్కలో పెట్టుకుని వరస కుదుర్చుకుంటే ముసలివాళ్లూ పిల్లలూ ఉన్న కుటుంబానికి కూడా ఒక్క రోజు సరిపోతుంది. వరస తప్పితే రెండు రోజులున్నా చాలదు.

వెళ్లడం

విశాఖ నుంచి మామూలు దారి చెన్నై మీదుగా. ఇక్కడ చాలామంది చిక్కుకునేది స్టేషను దగ్గర. మన రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌కి చేరతాయి. రామేశ్వరం బళ్లు ఎగ్మూరు నుంచో తాంబరం నుంచో బయల్దేరతాయి. సెంట్రల్ నుంచి ఎగ్మూరు దగ్గరే, ఆటోలో పది పదిహేను నిమిషాలు. తాంబరం అయితే ఊరి అవతలి కొస. టికెట్ మీద ఏ స్టేషన్ రాసుందో చూసుకోకుండా సెంట్రల్‌లో దిగి నింపాదిగా టిఫిన్ చేస్తే బండి పోతుంది. రెండు బళ్ల మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి, మన హౌరా లైను బళ్లు ఆలస్యం కావడం కొత్తేం కాదు కదా. సాయంత్రం చెన్నైలో ఎక్కితే తెల్లవారుతుండగా రామేశ్వరంలో దిగుతారు. వారానికోసారి భువనేశ్వర్ నుంచి రామేశ్వరం పోయే బండి మన ఉత్తరాంధ్ర మీదుగానే వెళ్తుంది. అది దొరికితే చెన్నైలో మారే బాధే లేదు, కానీ బెర్తులు ముందే అయిపోతాయి. విమానంలో అయితే మధురై దిగాలి. అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు, మూడున్నర గంటలు.

పాత వ్యాసాల్లో "వంతెనకి ఇవతలున్న మండపం స్టేషన్లో దిగి బస్సెక్కండి" అని కనిపిస్తే పట్టించుకోకండి. 1914లో కట్టిన పాంబన్ రైలు వంతెన మీద 2022 డిసెంబరులో రాకపోకలు ఆపేశారు, ఆ సలహా అప్పటిది. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, కొత్త వంతెన ప్రారంభమైంది. ఇప్పుడు రైళ్లు మళ్లీ ద్వీపంలోకే వస్తున్నాయి. పాత వంతెనలో ఓడలకి దారివ్వడానికి మధ్య భాగం రెండు రెక్కల్లా విచ్చుకునేది. కొత్తదాన్లో 72.5 మీటర్ల భాగం మొత్తం అడ్డంగా ఉన్నది ఉన్నట్టే పైకి లేస్తుంది. పిల్లలకి ఇది చూపించాలంటే వాళ్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, తలుపు దగ్గర మాత్రం వద్దు. వంతెన మీద గాలి జోరు ఎక్కువ.

ముందురోజు రాత్రికే చేరి గుడికి నడిచి వెళ్లే దూరంలో గది తీసుకుంటే సగం పని అయినట్టే. కార్ పార్కింగ్ ఉందని బైపాస్ వైపు పెద్ద హోటల్ చూసుకునేవాళ్లు, తడి బట్టలతో పిల్లల్ని ఆటోలో కుదించుకుని తిరగాల్సి వస్తుంది. తూర్పు, ఉత్తర గోపురాల వీధుల్లో చిన్న లాడ్జీలూ సత్రాలూ బోలెడు. ఏసీ ఉందా లేదా కన్నా, బట్టలు ఆరేసుకోవడానికి మేడ మీద చోటుందా అని అడగండి.

ఏ నెలలో

మనవాళ్లకి శివుడంటే కార్తీకం. రామేశ్వరానికి మాత్రం కార్తీకం అంత అనుకూలమైన కాలం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు. మనకి వాన తెరిపిచ్చే రోజుల్లో వాళ్లకి అసలు వాన మొదలవుతుంది. వాయుగుండం అంటే ధనుష్కోటి దారి మూసేస్తారు, గుడి ఎదురుగా సముద్రస్నానం చేసే అగ్నితీర్థంలోకి దిగనివ్వరు. జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా హాయి. ఏప్రిల్, మేల్లో ఎండ భరించగలిగినా జనం తక్కువేమీ ఉండరు, సెలవులు కదా. అమావాస్యలకి పితృకార్యాల కోసం ఊరంతా నిండిపోతుంది. అందులోనూ ఆషాఢ, పుష్య, మహాలయ అమావాస్యలకి వేలకి వేలు వస్తారు. తమిళుల ఆడి, తై అమావాస్యలు మన పంచాంగంలో ఇవే. ఆ మూడు రోజుల్లో పిల్లలతో వెళ్లొద్దు. శని, ఆదివారాలు తప్పించి మామూలు మంగళవారమో బుధవారమో చూసుకుంటే బావుల స్నానం గంటన్నరలో తెములుతుంది.

గుడిలో ఉదయం

చాలామంది దిగగానే అగ్నితీర్థంలో మునిగి, బావులకి వెళ్లి, బట్టలు మార్చుకుని దర్శనానికి పోదామనుకుంటారు. శాస్త్రం అదే చెబుతుంది కాబట్టి తప్పనలేం. కానీ ఆ వరసలో వెళ్తే స్ఫటికలింగం దాదాపు ఖాయంగా పోతుంది. 5కి గుడి తెరవగానే మూలవిరాట్టు ముందు స్ఫటికలింగాన్ని ఉంచి పాలాభిషేకం చేస్తారు. ఆదిశంకరులు ప్రతిష్ఠించినదని ప్రతీతి. గంట దాటితే మళ్లీ మర్నాడే. అందుకని గదిలోనే తలస్నానం చేసి, పొడి బట్టలతో నాలుగు, నాలుగుంపావుకల్లా వరసలో నిలబడండి. దీనికి టికెట్ వేరు. ఆ దర్శనం అయ్యాక గదికొచ్చి, తడిసినా పరవాలేని బట్టలు వేసుకుని అప్పుడు సముద్రానికి వెళ్లండి. రెండుసార్లు తిరిగినట్టు అనిపిస్తుంది. కానీ ఆ వేళ వీధులు ఖాళీ, ఎండ లేదు, పిల్లలు ఇంకా హుషారుగా ఉంటారు.

అగ్నితీర్థం తూర్పు గోపురానికి ఎదురుగా వంద మీటర్లలో ఉన్న సముద్రమే. ఆర్కే బీచ్ అలలు చూసి పెరిగిన వాళ్లకి ఇదీ ఒక సముద్రమేనా అనిపిస్తుంది. కెరటం ఉండదు, లాగడం ఉండదు, నడుం లోతు దాకా నింపాదిగా దిగొచ్చు. ఇబ్బంది అలలతో కాదు, అడుగుతో. జనం వదిలేసిన పాత బట్టలు కాళ్లకి చుట్టుకుంటాయి, నాచు మెట్లు జారుతాయి. కట్టుకున్న బట్ట అక్కడ వదిలేస్తే పాపం పోతుందని ఎవరో చెబుతారు. వినకండి, అది తర్వాత వచ్చే ముసలమ్మ కాలికి తగులుకుంటుంది. ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని మూడు మునకలు వేసి రావడమే. ఉంగరాలు గదిలోనే తీసేయండి. చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి జారిపోతాయి, ఆ బురదలో వెతకడం అయ్యే పని కాదు.

ఇక బావులు. గుడి ప్రాకారాల్లోపల 22 తీర్థాలున్నాయి. వీటికి దారి తూర్పు గోపురం నుంచి కాదు, ఉత్తర గోపురం వైపు నుంచి. తూర్పున దర్శనం వరసలో తడిసిన బట్టలతో నిలబడి, అరగంటయ్యాక వెనక్కి పంపేస్తే లబోదిబోమనే కుటుంబాలు రోజూ కనిపిస్తాయి. టికెట్ మనిషికి చాలా ఏళ్లుగా 25 రూపాయలే, బోర్డు మీద ఉన్నది చూసి కౌంటర్లోనే కొనండి. ప్రతి బావి గట్టు మీదా ఒక మనిషి నిలబడి చిన్న బొక్కెనతో తోడి నెత్తి మీద పోస్తాడు. మహాలక్ష్మి తీర్థంతో మొదలై సావిత్రి, గాయత్రి, సరస్వతి, ఆ తర్వాత కొలను రూపంలో ఉన్న సేతుమాధవ తీర్థం, అలా సాగి కోటితీర్థంతో ముగుస్తుంది. మధ్యలో నల, నీల, గవయ తీర్థాలుంటాయి. వంతెన కట్టిన వానరులకి కూడా తలా ఒక బావి దక్కిందన్నమాట. అన్నీ వరసగా పక్కపక్కన ఉండవు. గుడిలో అటూ ఇటూ తిరగాలి, గోడల మీద బాణం గుర్తులుంటాయి.

ఉత్తర గోపురం బయట కొందరు ఎదురొచ్చి, మీ కుటుంబానికి విడిగా ఒక మనిషిని పెట్టి తోడిస్తాం, ఒక్కొక్కరికి ఇంతవుతుంది అంటారు. అలా బేరమాడుకున్న గుంపులకి నిండు బొక్కెన పడుతుంది. టికెట్ మీదే వచ్చినవాళ్లకి రద్దీ రోజుల్లో చిలకరింపే దక్కుతుంది. రద్దీ లేని రోజున ఆ ఖర్చు శుద్ధ దండగ. నడవలేని పెద్దవాళ్లుంటే, సెలవు రోజైతే, పెట్టినా తప్పులేదు. కానీ మొత్తం ఎంతో ముందే తేల్చుకోండి, మనిషికా, కుటుంబానికా అన్నది కూడా. "చివర్లో మీ ఇష్టం" అన్నారంటే ఆ ఇష్టం వాళ్లదే అవుతుంది.

సముద్రానికి ఇంత దగ్గర్లో బావినీళ్లు ఉప్పగా ఎందుకుండవని పిల్లలు అడుగుతారు. మహిమ అని ఊరుకోవచ్చు, ఇంకొంచెం చెప్పొచ్చు కూడా. ఇసుక నేలలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి కన్నా తేలిక. అందుకే అడుగున ఉన్న సముద్రపు నీటి మీద పొరలా నిలుస్తుంది. బావి ఆ పై పొరలోనే ఆగితే నీళ్లు తియ్యగా ఉంటాయి. అతిగా తోడితే కింది ఉప్పు పైకొస్తుంది. భీమిలి వైపు తీరం పక్క బావుల్లో జరిగేదీ ఇదే.

బట్టల సంగతి. నూలు చీర తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. ఆడవాళ్లకి ముదురు రంగు చుడీదార్ నయం. తెల్లవి, పల్చనివి వద్దు. మగవాళ్లకి పంచె మీద కండువా చాలు, పంచె జారకుండా బెల్టు పెట్టుకోండి. నైటీలు, పొట్టి నిక్కర్లతో వస్తే గుమ్మంలోనే ఆపుతారు. కళ్లజోళ్లకి తాడు కట్టండి. బొక్కెన నీళ్లు ధారగా పడేసరికి కళ్లజోడు బావిలోకి పోయిన సందర్భాలు ఉన్నాయి. నల్లరాతి నేల మీద నూనె, నీళ్లు కలిసి భలే జారుతుంది. అరవై దాటిన వాళ్లని గోడ వైపు నడిపించండి, పిల్లల్ని పరుగెత్తనివ్వకండి. చలికాలంలో ఆరేళ్లలోపు పిల్లలకి నాలుగు బావులయ్యేసరికి పెదాలు నీలంగా మారతాయి. వాళ్లకి కోటితీర్థం నీళ్లు ఒక దోసెడు చల్లి తువ్వాలు చుడితే పుణ్యం ఎక్కడికీ పోదు.

ఫోన్లు లోపలికి పనికిరావు. గోపురాల దగ్గర కౌంటర్లలో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఉత్తరాన ఫోనూ చెప్పులూ వదిలి, బావులు తిరిగి, దర్శనం చేసుకుని తూర్పున బయటపడ్డారంటే మధ్యాహ్నపు ఎండలో ఒట్టి కాళ్లతో ప్రహరీ చుట్టి రావాలి. ఆ గుడి ప్రహరీ చిన్నదేం కాదు, తారు రోడ్డు కాళ్లు బొబ్బలెక్కిస్తుంది. ఏ గోపురంలో వెళ్తే ఆ గోపురంలోనే బయటికి రావాలని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. అసలు ఫోన్లన్నీ గదిలో పెట్టి రావడం ఇంకా మేలు. లోపల విడిపోతే పిలుచుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. ధ్వజస్తంభం దగ్గర పెద్ద నంది ఉంటుంది, ఏడేళ్ల పిల్లాడు కూడా దాన్ని మర్చిపోడు.

బావులయ్యాక బట్టలు మార్చుకోవడానికి గుడి దగ్గరే గదులున్నాయి గానీ రద్దీలో అక్కడ పొడి బట్ట కూడా తడిసిపోతుంది. మన గది దగ్గరైతే అక్కడికే పోయి, వేడిగా ఇడ్లీ, పొంగల్ తిని, మళ్లీ దర్శనానికి రావడం మంచిది. పదింటికల్లా వరసలో ఉంటే 1కి మూసే లోపు ఏ కంగారూ ఉండదు.

దర్శనానికీ ఒక వరస ఉంది. రావణ వధ తర్వాత దోషం పోగొట్టుకోవడానికి రాముడు శివపూజ తలపెట్టి, లింగం కోసం హనుమంతుణ్ణి కైలాసానికి పంపాడు. ముహూర్తం దాటిపోతుంటే సీతమ్మ ఇసుకతో లింగం చేసింది. అది రామలింగం, మూలవిరాట్టు. ఆలస్యంగా వచ్చి చిన్నబుచ్చుకున్న హనుమంతుణ్ణి ఊరడించడానికి, ఆయన తెచ్చిన విశ్వలింగానికే ముందు పూజ జరగాలన్నాడు రాముడు. అందుకని ఉత్తరం వైపున్న విశ్వనాథుడి సన్నిధి ముందు, రామనాథస్వామి తర్వాత, ఆపైన పర్వతవర్ధినీ అమ్మవారు. జనం తోసుకుంటూ నేరుగా రామనాథుడి దగ్గరికే పోతారు, తర్వాత విశ్వనాథుణ్ణి మర్చిపోతారు. కొంచెం పక్కకి జరిగితే చాలు, అక్కడ వరస కూడా తక్కువే.

కాశీ లెక్క

మన ఇళ్లలో కాశీ, రామేశ్వరం విడివిడి యాత్రలు కావు. పద్ధతిగా చేసేవాళ్లు ముందు రామేశ్వరం వెళ్లి, సేతువు దగ్గర ఇసుక తీసుకుని, ప్రయాగ త్రివేణిలో కలిపి, గంగాజలం తెచ్చి మళ్లీ రామేశ్వరంలో అభిషేకం చేయిస్తారు. అంటే ఒకసారి వెళ్తే లెక్క పూర్తి కాదు. రెండుసార్లు వెళ్లే వీల్లేక కాశీ ముందు చూసి గంగతో వచ్చేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. అదీ చెల్లుతుంది. గంగాజలాన్ని రాగి, ఇత్తడి, కంచు పాత్రల్లో తీసుకువెళ్లండి. ప్లాస్టిక్ సీసా, రేకు డబ్బా అభిషేకానికి ఒప్పరు. కాశీలో అమ్మే చిన్న రాగి చెంబు మూత సీలు సరిగ్గా లేకపోతే రైల్లో సూట్‌కేస్ అంతా కారుతుంది. కొన్న చోటే తలకిందులు చేసి చూసుకోండి. అభిషేకానికి గుడి ఆఫీసులో టికెట్ తీసుకుని ఆ పాత్ర అప్పగించాలి. గర్భగుడిలోకి మనల్ని రానివ్వరు. ఇక్కడి అర్చకులు శృంగేరి పీఠం దీక్ష పొందిన మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబాల వారు, లింగాన్ని తాకే అధికారం వారికే.

పితృకార్యం ఉంటే అగ్నితీర్థం ఒడ్డున తెలుగు మాట్లాడే పురోహితులు దొరుకుతారు. గోత్రం, తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఫోన్లో ఉన్నాయిలే అనుకుంటే ఆ ఫోన్ ఎక్కడో టోకెన్ కౌంటర్లో ఉంటుంది. ముత్తవ్వ పేరు దగ్గర ఆగిపోయి విశాఖకి ఎవరి ఫోన్ నుంచో చేయాల్సి వస్తుంది. సంభావన ముందే మాట్లాడుకోవాలి. నువ్వులు, దర్భలు, పిండాల పిండి వాళ్లే తెస్తారు, ఆ ఖర్చు అందులో కలిసుందో లేదో అడగండి. తర్పణాలు పెట్టే రోజున స్ఫటికలింగం, బావులు, ధనుష్కోటి అన్నీ ఒకే రోజులో పడవు. దానికి రెండో రోజు తీసుకోవడమే.

మధ్యాహ్నం నుంచి

గుడి మూసే వేళకి ఉత్తరం వైపున్న గంధమాదన పర్వతం చూసి రావచ్చు. పేరు పర్వతమే గానీ మన కైలాసగిరి ముందు అది చిన్న దిబ్బ. ద్వీపంలో అదే ఎత్తు. రెండంతస్తుల మండపంలో రాముడి పాదాలుంటాయి. పైనుంచి ద్వీపం, రెండు వైపులా నీళ్లు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల తేలే రాళ్లు చూపించే చోట్లు చాలా ఉన్నాయి. లోపలంతా గాలి గదులుండే రాళ్లు కాబట్టి నీళ్ల మీద నిలుస్తాయి. చూసి దండం పెట్టి రండి, కొనొద్దు. పగడపు రాయి అయితే అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అమ్మడమూ కొనడమూ రెండూ నేరమే. దక్షిణావృత శంఖం అని వీధుల్లో వందలకి వందలు అమ్మేది కూడా నమ్మకండి. నిజమైనది చాలా అరుదు, బండి మీద గుట్టగా పోసి అమ్మరు.

ఆటో మాట్లాడుకునేటప్పుడు "పది గుళ్ల ప్యాకేజీ" అంటారు. లెక్క పెరగడానికి ప్రతి చిన్న మందిరాన్నీ, తీర్థాన్నీ ఒక్కొక్క గుడిగా చూపిస్తారు. ప్రతి చోటా చెప్పులు విప్పి తొడిగేసరికే గంటలు పోతాయి, అసలు ధనుష్కోటి వచ్చేసరికి గేటు దగ్గర ఆపేస్తారు. మీరు రెండే చోట్లు చెప్పండి: కోదండరామాలయం, ధనుష్కోటి కొసన ఉన్న అరిచల్‌మునై. రానూపోనూ ఇంత, నిలిపి ఉంచడం ఇన్ని గంటలు అని తేల్చుకోండి. బడ్జెట్ చూసుకునే వాళ్లకి ప్రభుత్వ బస్సులూ ఉన్నాయి, కానీ కోదండరామాలయం ప్రధాన రోడ్డు నుంచి లోపలికి ఉంటుంది. పెద్దవాళ్లతో బస్సులో అది కుదరదు.

రెండున్నరకి బయల్దేరండి. భోజనం తేలిగ్గా ముగించండి. ఆంధ్రా భోజనం అని తెలుగులో రాసిన బోర్డులు గుడి వీధుల్లో కనిపిస్తాయి, పప్పు, పచ్చడి దొరుకుతాయి. గోంగూర మీద ఆశ పెట్టుకోకండి. దారిలో నీడ లేదు కాబట్టి మనిషికి లీటరు నీళ్లు, టోపీలు, గొడుగు పెట్టుకోండి.

కోదండరామాలయం రామనాథస్వామి గుడి దగ్గర్నుంచి సుమారు 12 కిలోమీటర్లు. ఉప్పునీటి మడుగుల మధ్య గట్టు మీద రోడ్డు. చలికాలం చివర్లో ఆ నీళ్లలో రాజహంసలు గుంపులుగా దిగుతాయి. విభీషణుడు రాముణ్ణి శరణు కోరింది ఇక్కడేనంటారు, అందుకే గర్భగుడిలో సీతారామలక్ష్మణులతో పాటు విభీషణుడి విగ్రహం కూడా ఉంది. ఇలా రాముడి పక్కన విభీషణుడు కనిపించే గుళ్లు అరుదు. దీన్ని వెళ్లేటప్పుడే చూసేయండి, వచ్చేటప్పుడు చూద్దామంటే చీకటి పడిపోతుంది.

అక్కడి నుంచి ధనుష్కోటి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఈ ఊరిని తుడిచేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు స్టేషను చేరే ముందే ఉప్పెనలో మునిగి అందులో ఉన్న వందకు పైగా జనం పోయారు. అంతకుముందు చెన్నైలో రైలెక్కి ఇక్కడ దిగి, ఓడలో తలైమన్నార్ చేరి, అక్కడి రైల్లో కొలంబో పోయేవాళ్లు. తుపాను తర్వాత ప్రభుత్వం ఆ ఊరిని నివాసానికి పనికిరాదని తేల్చింది. చర్చి గోడలు, స్టేషను మొండి గోడలు మిగిలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్లకి ఆ గోడల దగ్గర గైడు అవసరం లేదు. గాలి ఏం చేస్తుందో తెలుసు. ఇక్కడ దానికి రెండు వైపులా సముద్రం, మధ్య గట్టిగా కిలోమీటరు కూడా లేని ఇసుక తోడయ్యాయి. శిథిలాల గోడలెక్కి ఫోటోలు తీసుకోకండి, పగడపు రాయినీ సున్నాన్నీ ఉప్పుగాలి తినేసింది, పెళ్లలు ఊడతాయి.

2017లో కొస దాకా తారురోడ్డు వేశారు. అంతకుముందు ఇసుకలో వ్యాన్లలో పోవాల్సి వచ్చేది. రోడ్డు చివర అశోక స్తంభం ఉన్న గుండ్రటి కట్ట, దాని అవతలే అరిచల్‌మునై. అక్కడి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ 30 కిలోమీటర్ల లోపే. ఒకవైపు పాక్ జలసంధి వైపు నీళ్లు, ఇంకోవైపు మన్నార్ సింధుశాఖ. మన నైరుతి రుతుపవనాల నెలల్లో మన్నార్ వైపు పోటెత్తుతుంది, చలికాలం గాలుల్లో రెండో వైపు. ఎటు ప్రశాంతంగా ఉన్నా కొసలో దిగొద్దు. రెండు ప్రవాహాలు కలిసే చోట అడుగు ఇసుక ఉన్నట్టుండి జారిపోతుంది. ఉదయం అగ్నితీర్థంలో చెరువులాంటి నీళ్లలో ఆడిన పిల్లలు ఇక్కడ కూడా అంతేనని పరిగెడతారు. ప్రమాదం అక్కడే. రుషికొండలో ఈదే కుర్రాళ్లు కూడా ఇక్కడ పాదాలు తడిపి వెనక్కి రావాల్సిందే. అయిదు దాటకుండా బండెక్కండి.

సాయంత్రం ఏడుకి మళ్లీ గుడికి వెళ్లండి, ఈసారి దర్శనానికి కాదు, మూడోదైన బయటి ప్రాకారం నడవడానికి. పొద్దున తడిసి, తోసుకుంటూ పోయినప్పుడు ఆ మంటపాలు కళ్లకి ఆనవు. బయటి ప్రాకారంలో 1212 స్తంభాలు, రామనాథపురం సేతుపతులు 18వ శతాబ్దంలో పూర్తి చేయించినవి. ఒక మూలన నిలబడి కొస వరకు చూస్తే స్తంభాలన్నీ ఒకే గీతలో కుంచించుకుపోతాయి. బయటి ప్రాకారం ఒక చుట్టు తిరిగితే అర కిలోమీటరు పైగానే నడిచినట్టు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని తూర్పు భుజంలోనే కూర్చోబెట్టండి, అందమంతా అక్కడా ఉంది.

మర్నాడు కారులో తిరిగి వెళ్లేవాళ్లు తంగచ్చిమడం దగ్గర విల్లూండి తీర్థం చూడొచ్చు. సముద్రంలోకి కట్టిన చిన్న వంతెన చివర బావి, అందులో మంచినీళ్లు. బావుల సంగతి పిల్లలకి చెప్పి ఉంటే ఇక్కడ వాళ్లే మీకు చెబుతారు. దారిలోనే పేయ్‌కరుంబులో అబ్దుల్ కలాం స్మారకం ఉంది, అరగంట చాలు. పాంబన్ రోడ్డు వంతెన మీద కారు ఆపి రైలు వంతెనని ఫోటో తీసే జనం ఎప్పుడూ ఉంటారు. వెనక నుంచి బస్సులు ఆగకుండా వస్తుంటాయి, వంతెన దిగాక ఆపుకోండి.

ప్రయాగకి ఇసుక తీసుకెళ్లేవాళ్లు ఒక గుప్పెడే తీసుకోండి. సంచులకెత్తుకోవడం అవసరమూ కాదు, అక్కడివాళ్లు ఒప్పుకోరు కూడా. సేతువు దగ్గర మూడు ఇసుక లింగాలు చేసి సేతుమాధవ, బిందుమాధవ, వేణీమాధవులుగా పూజించి, రెంటిని సముద్రంలో కలిపి వేణీమాధవుణ్ణి ప్రయాగకి తీసుకెళ్లడం సంప్రదాయం. తడి ఇసుక డబ్బాలో మూసిపెడితే విశాఖ చేరేసరికి వాసన వేస్తుంది. గదిలో కాగితం మీద పరిచి రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి, తెల్లారాక స్టీలు డబ్బాలో పోసి, మూత మీద పేరు రాసి పూజామందిరంలో పెట్టండి. పేరు రాయకపోతే ముగ్గుపిండి అనుకుని ఎవరో ఒకరు వాడేస్తారు.